ముందు బీరువా జరపాలి



పోయిన పోస్టు బెర్రీ బోరర్ గురించి పెట్టాక చాలామంది ఫోన్ చేశారు, కొందరు కాయల ఫొటోలు పంపారు. అందరికీ జవాబు ఇవ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. వానలకి మా ఊరి టవర్ వారం పైగా సరిగా పనిచెయ్యలేదు. ఈసారి పోస్టు కాఫీ గురించి కాదు, మిరియాల గురించీ కాదు. అంటే తిరిగి తిరిగి అక్కడికే వస్తాది గానీ, మొదలు మాత్రం ఒక కంప్యూటర్ ఆట. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి నేను కంప్యూటర్ ముందు కూచుని ఆట ఆడాను. అదీ దెయ్యాల ఆట. పొడుగు పోస్టే, తీరిక చూసుకుని చదవండి.

మొన్న వినాయక చవితి సెలవులకి మా తమ్ముడి కొడుకు విశాఖపట్నం నుంచి ఇంటికి వచ్చాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడి దగ్గర ఎవరో సీనియర్ అమ్మేసిన పాత లాప్‌టాప్ ఒకటి ఉంది. బ్యాటరీ గంటన్నర కంటే ఆగదు, కొత్త ఆటలు ఎక్కించుకునే బలం దానికి లేదు. అందుకని వాడూ వాడి రూమ్ కుర్రాళ్ళూ పాత ఆటలు వెతికి పట్టుకుంటారంట. నేను అనుకున్నాను, పాత ఆట అంటే ఐదేళ్ళ కిందటిది అని. తీరా అడిగితే 1992లో వచ్చిందన్నాడు. 1992లో నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. మా ఊరికి అప్పటికి కరెంటు స్తంభాలే లేవు. మనం కిరోసిన్ బుడ్డి దగ్గర ఎక్కాలు బట్టీ పట్టే రోజుల్లో ఫ్రాన్సు దేశంలో లియాన్ అనే ఊళ్ళో కూచుని ఫ్రెడరిక్ రేనాల్ అనే అతను ఇది తయారుచేస్తున్నాడన్నమాట. కంపెనీ పేరు ఇన్ఫోగ్రామ్స్. ఆట పేరు అలోన్ ఇన్ ది డార్క్. చీకట్లో ఒంటరిగా, అంతే. ఇలాంటి భయం ఆటలన్నిటికీ ఇది పెద్దన్న లాంటిదనీ, దీని తరవాత నాలుగేళ్ళకి 1996లో జపాన్ వాళ్ళు రెసిడెంట్ ఈవిల్ అని తీసి బాగా పేరు తెచ్చుకున్నారనీ మావాడు చెప్పాడు.

ఆ రాత్రి వాన. రేకుల మీద వాన పడుతుంటే పక్కనోడి మాట వినపడదు, మీకు తెలిసిందే. కరెంటు పోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. మావాడు మూల కూచుని లాప్‌టాప్ తెరిచాడు. నేను మామూలుగా అయితే కసురుతాను. ఇంటికొచ్చి కూడా దాంట్లోనే తల పెడతావేట్రా అని. ఆ రోజు ఎందుకో కసరలేదు. వాడే అన్నాడు, "పెదనాన్నా, ఒక్కడినే ఆడితే భయమేస్తాది, పక్కన కూచో" అని. పంతొమ్మిదేళ్ళోడు భయమేస్తాదని నోటితో అనడం చూసి వెళ్ళి కూచున్నాను.

కథ ఏటంటే, అమెరికాలో లూసియానా అనే రాష్ట్రంలో పాత బంగళా ఒకటి ఉంది. డెర్సెటో దాని పేరు. దాని యజమాని జెరెమీ హార్ట్‌వుడ్ బొమ్మలేసే మనిషి. ఉరేసుకుని చచ్చిపోయాడు. ఆ ఇంట్లో ఏదో ఉందని చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇది జరిగింది 1924లో అని చెప్పారు. 1924 అనగానే నా బుర్ర ఆగింది. అదే సంవత్సరం మే 7న కదా మన కొయ్యూరులో అల్లూరి సీతారామరాజుని కాల్చింది. వాళ్ళు కట్టుకథకి పెట్టుకున్న సంవత్సరం మన కొండల్లో నిజంగా భయపడ్డ సంవత్సరం. మావాడికి చెప్తే, "ఆటలో పోలీసులు లేరు పెదనాన్నా, దెయ్యాలే" అన్నాడు.

ఆట మొదట్లో ఇద్దర్లో ఒకర్ని ఎంచుకోవాలి. ఎడ్వర్డ్ కార్న్‌బీ అనే డిటెక్టివ్ ఒకడు, డబ్బుకి వచ్చినోడు. రెండోది ఎమిలీ హార్ట్‌వుడ్, చచ్చిపోయినాయన తమ్ముడి కూతురో అన్న కూతురో, మొత్తానికి ఆ ఇంటి పిల్ల. అటక మీద పియానో ఉందనీ, దాంట్లో రహస్యపు సొరుగులో ఆయన ఎందుకు చచ్చిపోయాడో రాసిన కాగితం ఉంటాదనీ ఆ పిల్ల నమ్మకం. డిటెక్టివ్‌ని పెట్టు, తుపాకీ పట్టుకునే మనిషిలా ఉన్నాడు అన్నాను. మావాడు వినలేదు. ఆ పిల్లనే పెట్టాడు. ఎందుకురా అంటే, "ఊరికే" అన్నాడు. మా ఇంటావిడ వెనక నుంచి, "చచ్చినోడు ఆ పిల్లకి అయినోడు కదా, ఆ పిల్లే ఎళ్ళాలి" అంది. సరే అన్నాను. ఆ మాట అక్కడితో వదిలేశాను అప్పుడు.

ఎమిలీ కారు దిగి నేరుగా ఇంట్లోకి వెళ్ళి అటక దాకా ఎక్కిపోతాది. అక్కడి నుంచి ఆట మన చేతికి వస్తాది. అంటే పైనుంచి కిందికి దిగి బయటపడాలన్నమాట. బొమ్మలు ఇప్పటి సినిమాల్లా ఉండవు. మనుషుల్ని అడ్డాకులు మడిచి పుల్లలు గుచ్చి చేసినట్టు మూలలు మూలలుగా ఉంటారు. నవ్వొచ్చింది నాకు. వీటికా భయపడేది అని కీబోర్డు నా వైపు లాక్కున్నాను. పై బాణం నొక్కితే ముందుకు నడుస్తాది, పక్క బాణాలు నొక్కితే ఉన్నచోటే తిరుగుతాది. కొత్త గిత్తని నాగలికి కట్టి మలుపు తిప్పినట్టు ఉంటాది, మనం అనుకున్న చోట తిరగదు. నేను ఇంకా ఆ పిల్లని గోడకేసి కొడుతుండగానే అటక కిటికీ బద్దలైంది. ఏదో పళ్ళ జంతువు లోపలికి దూకింది. రెండు నిమిషాలు కాలేదు, చచ్చిపోయాను.

చచ్చిపోతే ఆట అయిపోయింది అని రాసి ఊరుకోడు వీడు. ఒక శవం లాంటిది వచ్చి ఆ పిల్ల కాలు పట్టుకుని ఈడ్చుకుంటూ కిందికి, ఎక్కడో గుహలోకి తీసుకుపోయి రాతి బండ మీద పడేస్తాది. మొదటిసారి మేము చూశాం. ఆ తరవాత నేను ఎన్నిసార్లు చచ్చినా, ఆ ఈడ్చుకుపోయే బొమ్మ రాగానే మావాడు ఏదో కీ నొక్కి దాటించేసేవాడు. 

రెండోసారి మావాడు చూపించాడు. "ముందు బీరువా జరపాలి పెదనాన్నా." అటకలో పెద్ద బీరువా ఉంది. దాన్ని తోసి కిటికీకి అడ్డం పెడితే ఆ జంతువు లోపలికి రాలేదు. తరవాత నేల మీద ఒక తలుపు ఉంది, కింది నుంచి ఇంకోటి అక్కడి నుంచి వస్తాది, దాని మీదకి పెట్టె తోసెయ్యాలి. రెండూ గబగబా చేస్తే అటక మనది. బీరువా తెరిస్తే పాత దుప్పటి దొరికింది, పెట్టెలో తుపాకీ, ఇంకా నూనె దీపం. పియానోలో ఉత్తరం కూడా దొరికింది. చూశారా, భయం ఎక్కడి నుంచి వస్తాదో ముందే తెలిస్తే దానికి అడ్డం పెట్టడం పెద్ద పని కాదు. తెలీనప్పుడే కిటికీ పగులుతాది. ఇది ఆటలోంచి నేను తీసిన నీతి అనుకోకండి, మావాడు నాకు నేర్పిన కిటుకు.

మీలో చాలామందికి తెలుసు, నేను ఎలుగుబంటిని పది అడుగుల దూరంలో చూసినవాణ్ణి. పనసపండు దగ్గర. కదలకుండా నిలబడ్డాను, అది పోయింది. ఆ రోజు కూడా చెయ్యి వణకలేదు. ఈ అడ్డాకుల బొమ్మల దగ్గర వణికింది, నిజం చెప్తున్నాను. కారణం కూడా పట్టుకున్నాను రెండో రాత్రికి. ఈ ఆటలో మనం చూసే చూపు మనది కాదు. ఒక గదిలో చూరు మీద నుంచి చూస్తాం, ఇంకో గదిలో మూల నుంచి, ఇంకోచోట కిటికీ బయట నుంచి. మంచె మీద ఎవడో కూచుని ఆ పిల్లని చూస్తున్నట్టు. గది మూల ఏముందో మనకి కనపడదు, చప్పుడు మాత్రం వినపడతాది. పలక కిర్రుమంటాది. తోటలో చీకటి పడ్డాక వెనక ఆకు మీద అడుగు పడినట్టు అనిపిస్తే ఎలాగుంటాదో అలాగ. తయారుచేసినోడికి చీకటి సంగతి తెలుసు.

మా ఇంట్లో ఆడవాళ్ళకి ఈ ఆట మా కంటే బాగా ఎక్కింది. ఆట అంతా ఇంగ్లీషే, మావాడు చదివి తెలుగులో చెప్తుంటే మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి సలహాలు ఇచ్చేది. మెట్ల దగ్గర రెక్కల భూతాలు రెండు దారి కాస్తుంటాయి. కొడితే చావవు. అక్కడున్న రెండు విగ్రహాలకి అద్దాలు పెట్టాలి, తమ మొహం తాము చూసుకుని అవే పోతాయి. మా ఆవిడ నాకంటే ముందు చెప్పింది, "అద్దం పెట్టండి, దిష్టికి అద్దమే కదా" అని. భోజనాల గదిలో శవాలు బల్ల చుట్టూ కూచుని ఉంటాయి. మనం పోతే లేచి మీద పడతాయి. వంటగదిలో ఉన్న గిన్నె తెచ్చి బల్ల మీద పెడితే, అవి తింటూ కూచుంటాయి, మన జోలికి రావు. "ఆకలితో ఉన్నోడికి పెట్టకపోతే ఎవడైనా మీద పడతాడు" అంది. పెద్దల పండక్కి మనం పెట్టుకునే ముద్ద సంగతి ఆ ఫ్రాన్సు వాళ్ళకి ఎవరు చెప్పారో.

ఒక పెద్ద గదిలో పాట పెడితే దెయ్యాలు జంటలు జంటలుగా డాన్సు చేస్తాయి. వాటికి తగలకుండా అవతలికి పోయి తాళంచెవి తెచ్చుకోవాలి. మన థింసా వరస మధ్యలోంచి తగలకుండా దూరి బయటికి రాగలరా ఎవరైనా? నేను ఆరుసార్లు చచ్చాను అక్కడ. 

గోడ మీద బొమ్మ ఒకటి ఉంది. అమెరికా ఆదివాసీ, విల్లు పట్టుకుని. ముందునుంచి పోతే బొమ్మలోంచే బాణం వేస్తాడు. అటకలో దొరికిన పాత దుప్పటి కప్పితే ఊరుకుంటాడు. నాకు ఆ బొమ్మ మీద కోపం రాలేదు. వాడి నేల మీద బంగళా కట్టి, వాడి బొమ్మని అలంకారానికి గోడకి తగిలించుకుంటే బాణం వెయ్యక పువ్వులు వేస్తాడా. మావాడితో అన్నాను, "మనోడే, పోనీ ఒకటి వెయ్యనీ" అని.

అన్నిటికంటే నాకు నచ్చినది, నన్ను బాగా చంపినది, వీధి తలుపు. కింది అంతస్తుకి దిగాక ఎదురుగా పెద్ద తలుపు కనిపిస్తాది. నేను అన్నాను, "అదిగో తలుపు, ఎళ్ళిపోదాం, ఇంకా ఈ కొంపలో ఏటి పని?" మావాడు నవ్వి కీబోర్డు నాకే ఇచ్చాడు. తెరిచాను. బయట వాకిలి లేదు. నోరు ఉంది. తలుపంత నోరు. మింగేసింది. మా ఆవిడ కెవ్వున అరిచింది, మా కుక్క మొరిగింది. ఏజెన్సీలో పుట్టి పెరిగిన నేను రాత్రిపూట తలుపు తీశాను చూడండి! పాతికేళ్ళ కిందట రాత్రి తలుపు కొడితే ఎవరు కొట్టారో తెలీదు. అన్నలైనా, పోలీసులైనా, తీస్తే ఒక తంటా, తియ్యకపోతే ఒక తంటా. మా అమ్మ దీపం ఆర్పేసి మా ఇద్దరి నోళ్ళూ చేత్తో మూసేది. నన్నూ, తమ్ముణ్ణీ. 

ఇప్పుడు తమ్ముడి సంగతి చెప్పాలి. ఈ పేజీలో ఎప్పుడూ రాయలేదు. మా వైపు వాళ్ళకి తెలుసు, 2021 ఫిబ్రవరిలో మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ మీద నుంచి పడి పోయాడు. మావాడు అప్పటికి హాస్టల్‌లో ఉన్నాడు. వాడు వచ్చేసరికి మేము డోలీలో కిందికి దించి తెచ్చేశాం. వాడు ఇంటి ముందు చూశాడు గానీ, ఆ చోటు చూడలేదు. నేను చూపించలేదు. వాడు అడగలేదు.

మూడో రాత్రి ఆటలో ఇంటి కిందికి, సొరంగాల్లోకి దిగాం. అప్పటికి కాగితాలు, పుస్తకాలు చాలా దొరికాయి. ఒక పుస్తకం ఉంది, ఊరికే తెరిచి చదివితేనే చచ్చిపోతాం, అలాంటి కొంప అది. కాగితాలన్నీ కలిపి చూస్తే తేలింది ఏటంటే, ప్రెగ్జ్ట్ అని పూర్వం ఒక ఓడదొంగ, మంత్రగాడు. వాడి ప్రాణం ఆ ఇంటి అడుగున ఒక చెట్టులో ఉంది. వాడికి బయటికి రావడానికి ఒక మనిషి ఒళ్ళు కావాలి. ఆ ఒళ్ళు తనది కాకూడదనే జెరెమీ ఉరేసుకున్నాడు. అంటే పిరికితనంతో చచ్చినోడు కాదు. ఆ పిల్ల అంత దూరం దిగింది ఆ ముక్క తెలుసుకోడానికే.

ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి లాప్‌టాప్ బ్యాటరీ ఎర్రగీత చూపించింది, ఆరిపోయింది. కరెంటు లేదు. చీకట్లో కూచున్నాం ముగ్గురం. మా మరదలు పొయ్యి దగ్గర నిప్పు ఎగదోస్తోంది. ఆమె మూడు రాత్రులూ తెర వైపు చూడలేదు గానీ ప్రతి మాటా విన్నాది.

అప్పుడు మావాడు అడిగాడు. "పెదనాన్నా, నాన్న ఏ చెట్టు?"

నాలుగున్నరేళ్ళకి అడిగాడు. 

నేను, "పొద్దున్న చూపిస్తాను" అన్నాను. అని పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఎందుకో మీకు చెప్తాను. మా పై తోట ఎకరన్నర. తమ్ముడు పోయిన దగ్గర నుంచి ఆ తోటకి నేను సరిగా వెళ్ళడం లేదు. కాఫీ పళ్ళు కింది వరసలు కోసి వచ్చేసేవాణ్ణి. ఎవరైనా అడిగితే కూలోళ్ళు దొరకడం లేదు అని చెప్పేవాణ్ణి. ఈ పేజీలోనే ఒకసారి అలా రాశాను కూడా. అబద్ధం. కూలోళ్ళు దొరికేవారు. సాయంత్రం పూట ఆ తోటలో ఎవరో పిలిచినట్టు వినపడతాదని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను నమ్మలేదని పైకి అన్నాను. కానీ ఎండ వాలితే అటు వెళ్ళలేదు. మిరియాలు తీగ మీదే ఎండి రాలిపోయాయి, నాలుగు పంటలు. కాఫీ పళ్ళు కూడా ఎన్నో చెట్టు మీదే నల్లగా ఎండిపోయి కింద పడ్డాయి.

ఇదిగో ఇక్కడ బెర్రీ బోరర్ వస్తాది. ఆగస్టులో మన అరకు లోయలో ఈ పురుగు కనబడ్డ దగ్గర నుంచి కాఫీ బోర్డు వాళ్ళు, ఐటీడీఏ వాళ్ళు ఒకటే మాట చెప్తున్నారు కదా, చెట్టు మీద మిగిలిన కాయ, నేల మీద రాలిన కాయ ఉంచొద్దని. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర కనిపించింది. తరవాత కర్ణాటక, కేరళ తోటలకి పాకింది. పురుగు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాయ బొడ్డు దగ్గర సూదితో గుచ్చినట్టు చిన్న కన్నం చేసి లోపలికి పోయి, గింజలోనే గుడ్లు పెట్టి, అక్కడే సంసారం చేస్తాది. కోత అయిపోయాక దానికి ఇల్లు ఏదీ అంటే, మనం వదిలేసిన ఎండు కాయే. నేను నాలుగేళ్ళుగా ఎకరన్నర తోటలో దానికి ఇళ్ళు కట్టి ఉంచాను. పోయిన పోస్టులో మీ అందరికీ జాగ్రత్తలు చెప్పింది కూడా నేనే! అది రాసేటప్పుడు నా పై తోట గుర్తు రాలేదనుకున్నారా? వచ్చింది.

పొద్దున్న ఇద్దరం బయలుదేరాం. వాన వెలిసింది, మంచు పట్టి ఉంది. వాడు గోనెసంచులు భుజాన వేసుకున్నాడు, నేను కత్తి పట్టుకున్నాను. దారి మూసుకుపోయింది, నరుక్కుంటూ పోవాల్సి వచ్చింది. ఆ చెట్టు పై గట్టున మూడోది. మిరియం తీగ దాని నడుం దాకా గుబురుగా కమ్మేసి ఉంది, రాలిన గింజలు మొలిచి కింద నారుమడిలా ఉన్నాయి. నిచ్చెన అక్కడే పడి ఉంది. కణుపులకి మెట్లు కొట్టిన ఒంటి బొంగు నిచ్చెన. సగం చెద తినేసింది. ఆ రోజు దాన్ని ఎవరూ తేలేదు, తరవాత ఎవరూ ముట్టుకోలేదు.

వాడు చెట్టు మీద చెయ్యి వేసి పైకి చూశాడు. "ఎంత ఎత్తు నుంచి?" అన్నాడు. చూపించాను. రెండో కొమ్మ కింద.

తరవాత నేను చెప్పాను. ఇది వాడికీ చెప్పలేదు, మరదలికీ చెప్పలేదు, నా భార్యకీ చెప్పలేదు. ఒంటి బొంగు నిచ్చెనకి కింద ఒకడు పట్టుకోవాలి. మేమిద్దరం ఎప్పుడూ అలాగే కోసేవాళ్ళం, వాడు పైన, నేను కింద. ఆ రోజు నేను సంతకి వెళ్ళాను. పన్నెండుకల్లా వచ్చేస్తాను, వచ్చాక ఎక్కుదాం అని చెప్పి వెళ్ళాను. పన్నెండుకి రాలేదు. సంతలో తెలిసినోళ్ళు కలిస్తే జీలుగు కల్లు దగ్గర కూచున్నాను. మూడు అయ్యింది. వాడు చూసి చూసి ఒక్కడే ఎక్కాడు. బ్యాంకులో ఆలస్యం అయ్యిందని అందరికీ చెప్పాను. ఇప్పటికీ అందరూ అదే అనుకుంటున్నారు.

వాడు ఏమీ అనలేదు. నిచ్చెన వైపు చూస్తూ ఉండిపోయాడు చాలాసేపు. తిట్టినా బాగుండును అనిపించింది. నేను కూడా ఏమీ అనలేదు. ఇంకేటి అంటాను. తరవాత వాడు గోనెసంచి విప్పి, "ఏ వరస నుంచి మొదలెడదాం?" అన్నాడు.

రెండు రోజులు పట్టింది. మొక్క మొక్కకీ కూచుని ఏరాం. ఎండు కాయలు రెండు సంచులు దాటాయి. కొన్నిటికి కన్నం ఉన్నట్టు అనుమానం వచ్చి వేరుగా కట్టి కాఫీ బోర్డు వాళ్ళకి చూపించాం. కోసి చూసి పురుగు కాదు, ఎండి పగిలినవి అన్నారు. ఊపిరి పీల్చుకున్నాను. అయినా మొత్తం కాయల్ని పెద్ద డేగిసాలో సలసల కాగే నీళ్ళలో మూడు నిమిషాలు ముంచి, గొయ్యి తీసి పాతేశాం. పచ్చికాయకి ఇప్పటికైతే ఎక్కడా కన్నం కనపడలేదు. వారానికోసారి చూస్తున్నాను, పై వరస నుంచే మొదలుపెట్టి. సాయంత్రం కూడా వెళ్ళాను ఒకరోజు. ఎవరూ పిలవలేదు. కొండగొర్రె అరిచింది.

మరదలికి మేము దిగి వచ్చిన రాత్రే చెప్పాను. ఆమె విని లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెట్టింది. ఇంకా సరిగా మాట్లాడడం లేదు. ఆమె ఇష్టం, నేను తొందర పెట్టను. ఈ పోస్టు రాస్తానని ఆమెకీ, గుంటడికీ ముందే చెప్పాను. వాడు, "రాయి, నిచ్చెన సంగతి కూడా రాయి" అన్నాడు.

ఆట సంగతి మధ్యలో వదిలేశాను కదూ. కరెంటు వచ్చిన రోజు పూర్తి చేశాం. చెట్టు దగ్గరికి పోయి, వెలిగించిన దీపం దాని మీదకి విసరాలి. మావాడు కీబోర్డు నాకిచ్చాడు. నాకు చెట్టు తగలబెట్టడం మనసుకి పట్టలేదు, రైతుని కదా. చెట్టు ఏం చేసింది, దాంట్లో దూరినోడు చేశాడు గానీ. "ఆటే కదా పెదనాన్నా" అన్నాడు. విసిరాను. మంటలు లేచాయి, సొరంగం కూలుతుంటే పరుగు. ఈసారి చచ్చిపోకుండా ఒక్క ఊపులో బయటపడ్డాను, అది రాసుకోండి. ఇంట్లోకి వచ్చాక అదే వీధి తలుపు. తెరవడానికి నాకు చెయ్యి రాలేదు. మావాడే నొక్కాడు. తెరిస్తే నోరు లేదు. మామూలు వాకిలి. కారు వచ్చి ఆగింది, ఎమిలీ ఎక్కింది. డ్రైవర్ ఇటు తిరిగాడు. చూస్తే పుర్రె! మావాడికి ముందే తెలుసు, నా మొహం చూడడానికే ఆగాడు. వాళ్ళ నాన్న పోయాక వాడు అలా పడీపడీ నవ్వడం నేను చూడలేదు.

వాడు మొన్న ఆదివారం రైలుకి వెళ్ళిపోయాడు. సంక్రాంతికి ఇంకో పాత ఆట తెస్తానన్నాడు.

ఇక అసలు పని. ఒంటి బొంగు నిచ్చెనలు వాడేవాళ్ళు మన వైపు ఇంకా ఉన్నారని నాకు తెలుసు. మంచుకి తడిసిన బొంగు సబ్బు లాంటిది, ఎండ ఎక్కేదాకా ఎక్కొద్దు, ఒక్కరే అస్సలు ఎక్కొద్దు. నడుముకి తాడు కట్టుకోండి. నేను ఈసారి రెండు కాళ్ళ అల్యూమినియం నిచ్చెన కొంటున్నాను. పొడుగుది, ఎక్కడ గట్టిది దొరుకుతాదో తెలిసినవాళ్ళు చెప్పండి. ఫిబ్రవరిలో మా పై తోట మిరియాలు కొయ్యడానికి చెట్టెక్కగలిగే మనిషి ఒకరు కావాలి. కింద నిచ్చెన పట్టుకోడానికి నేనుంటాను. ఆ రోజు సంత అయినా సరే.